మైనస్ ఇరవై రెండులో వాసంతి బండి

మే నెలలో నరసరావుపేటలో పొద్దున ఏడింటికే ఎండ చురుక్కుమంటుంది. ఆడవాళ్ళు కొంగులు, మగవాళ్ళు తడి తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని నడుస్తుంటే, వాసంతి మాత్రం ఉన్ని టోపీ, రెండు జతల మందపాటి మేజోళ్ళు, తోలు గ్లోవ్సు సంచీలో సర్దుకుని షేర్ ఆటో ఎక్కేది. ఒకరోజు సంచీలోంచి టోపీ జారిపడితే పక్కన కూర్చున్న పెద్దాయన తీసిస్తూ నోరెళ్ళబెట్టాడు.

"ఏందమ్మాయ్, కాశ్మీరం పోతన్నావా?"

"ఆఁ బాబాయ్. రొంపిచెర్ల రోడ్డులోనే ఉంది కాశ్మీరం. అక్కడే దిగుతా."

ఆటో అంతా నవ్వింది గానీ ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఊరు దాటాక పొలాల మధ్య తెల్లటి గోడల గోదాము ఒకటుంది. తీపి మొక్కజొన్న గింజలు, కోసిన బెండకాయ ముక్కలు, మునక్కాడ ముక్కలు అక్కడ గడ్డకట్టించి, అట్టపెట్టెల్లో పెట్టి, కంటైనర్లలో ఓడరేవుకు పంపుతారు. గోదాము లోపల ఏడాది పొడుగునా మైనస్ ఇరవై రెండు డిగ్రీలు. బయట నలభై ఆరు. ఆ రెండిటికీ మధ్య ముందుగది అని ఒకటుంది, అందులో రెండో మూడో డిగ్రీలు. నలభై నిమిషాలు లోపల పనిచేస్తే పావుగంట ముందుగదిలో కూర్చుని చేతులు రుద్దుకోవాలి. ఇంకాసేపు ఉందామనుకుంటే కనురెప్పలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

వాసంతి ఆ లోపలి గదిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంది. కరెంటు బండి, కింద బల్లంత బ్యాటరీ. మూడేళ్ళు ప్యాకింగులో మునక్కాడలు కోసి, ఆపరేటర్లను తీసుకుంటున్నారని తెలిసి ఆమె కూడా పేరిచ్చింది. పరీక్షకు ఐదుగురు వచ్చారు, నలుగురు మగవాళ్ళు. మూడో అంతస్తు అరలో టన్ను బరువు పెట్టి, మళ్ళీ దించి, వెనక్కి తిప్పుకుని రావాలి. అరకు గీత పడకుండా తెచ్చింది వాసంతి ఒక్కతే. పాత ఆపరేటర్ వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళిపోతే ఫిబ్రవరిలో ఆ సీటు ఆమెకు ఇచ్చారు. ఆ రోజు ఇంటికొచ్చి అత్త రామాయమ్మతో చెబితే, ఆమె మిరపకాయల తొడిమలు తీస్తూనే అంది.

"లారీనా?"

"లారీ కాదత్తా. బరువులెత్తే బండి."

"ఎంత ఎత్తుద్ది?"

"టన్ను."

రామాయమ్మ చేతిలోని మిరపకాయ కింద పెట్టింది. "మన ఆదినారాయణ కూడా అంత ఎత్తలేడు గదే," అంది. ఆదినారాయణ వాసంతి మొగుడు, టైల్సు వేసే మేస్త్రీ. మర్నాడు పొద్దునకల్లా వీధివీధంతా తెలిసిపోయింది.

ఆ గౌరవం రెండు నెలలు కూడా నిలవలేదు.

ఏప్రిల్ వచ్చేసరికి బండి మధ్యాహ్నానికే నీరసపడటం మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి నిండుగా కనిపించే బ్యాటరీ ముల్లు పన్నెండింటికల్లా ఎర్రగీతలోకి దిగేది. సాయంత్రం ఐదింటిదాకా నడవాల్సిన బండి. ఒకరోజు మూడో అంతస్తు అరలో, పెట్టెలు పేర్చిన చెక్కబల్ల ప్యాలెట్‌ను సగం పెట్టి సగం పెట్టకుండా బండి ముందుండే ఇనప ఫోర్కులు గాల్లోనే ఆగిపోయాయి. పైన టన్ను మొక్కజొన్న, కింద వాసంతి. బండి కదలకుండా చిన్నగా సీట్లోంచి పక్కకు దిగి గోడవారగా నడిచి బయటకొచ్చింది. కంటైనర్ల దగ్గర ఇంకో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఐజాక్ తన బండి లోపలికి తెచ్చి, ఆ బరువు దించి, ఆమె బండిని తాడు కట్టి లాక్కొచ్చాడు. లోపలుండగానే వాసంతి కళ్ళలోంచి వచ్చిన నీళ్ళు రెప్పల మీద గట్టిపడ్డాయి. భయంతో వచ్చాయో, చలికి వచ్చాయో ఆమెకే తెలియలేదు.

బ్యాటరీ అమ్మిన కంపెనీ నుంచి ఫణీంద్ర అనే సర్వీసు ఇంజినీరు వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. బండిని బయట షెడ్డులోకి తెప్పించి, ల్యాప్‌టాప్ తగిలించి, గంటన్నర సేపు చూశాడు. బ్యాటరీలో ఏ లోపమూ లేదని కాగితం రాసిచ్చాడు.

మేనేజర్ ప్రభాకరరావు వాసంతిని పిలిచాడు. ఆయన గట్టి మనిషే గానీ చెడ్డవాడు కాదు. ఎదుటివాళ్ళు చెప్పేది వింటాడు, కాకపోతే కాగితం చెప్పేది ఇంకాస్త ఎక్కువ వింటాడు.

"చూడు వాసంతీ. అదే గది, అదే చలి. పాత బ్యాటరీ నాలుగేళ్ళు నడిచింది. ఇప్పుడు బ్యాటరీ కొత్తది, బాగానే ఉందని ఇంజినీరు రాశాడు. ఐజాక్ బండిలో కూడా ఇదే బ్యాటరీ. ఒకే రోజు కొన్నాం. అతనిది సాయంత్రం దాకా నడుస్తుంది. ఇక మారిందేంటి చెప్పు? ఆపరేటరే కదా."

బల్ల మీద మెమో ఉంది. ఛార్జింగులో అజాగ్రత్త, బండిని కఠినంగా వాడటం అని రాశారు. కింద ఆమె సంతకానికి చోటు వదిలారు.

"నేను ఏం తప్పు చేశానో చూపించండి సార్, అప్పుడు పెడతా సంతకం," అంది వాసంతి. "ఏప్రిల్లో ఒకరోజు ముందుగదిలో కరెంటు పని జరిగింది. ఆ రాత్రి నా బండిని బయట షెడ్డులో ఛార్జింగ్ పెట్టాం. మర్నాడు నాలుగింటిదాకా ఆగకుండా నడిచింది. ఆ రోజు కూడా నడిపింది నేనే గదా?"

"ఒక్కరోజు లెక్కలోకి రాదమ్మా. ఇంజినీరుతో చెప్పావా?"

"చెప్పా. ఏదో కలిసొచ్చిందిలే మేడం అన్నాడు."

ప్రభాకరరావు మెమో నోటీసు బోర్డుకు పెట్టించాడు. నెలాఖరులో ఆరు కంటైనర్ల సరుకు పోవాలి, రెండు రోజుల్లో నిండాలి. అప్పటికీ బండి ఇలాగే ఆగితే వేరే ఆపరేటర్ని పెట్టుకుని, ఆమెను మళ్ళీ ప్యాకింగుకు పంపుతామన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే రామాయమ్మ ఒక్కసారిగా లేచి నిలబడింది.

"సంతకం పెట్టలేదుగా?"

"పెట్టలేదు."

"పెట్టబాక. చెయ్యని తప్పు మీద ఒకసారి ఏలు పెడితే ఇక జనమంతా ఏలు చూపిస్తారు." కాసేపు ఆలోచించి, "ఆ బ్యాటరీ సంగతి ఆ పిలగాడికేం తెలుసు? జమాల్‌నడుగు. మన ట్రాక్టరు ఉన్నప్పుడు మీ మామ ఆయన కాడికే పోయేవాడు," అంది.

జమాల్ షాపు పల్నాడు రోడ్డులో ఉంది. రేకుల పందిరి కింద లారీ బ్యాటరీలు, ట్రాక్టరు బ్యాటరీలు, ఇళ్ళల్లో వాడే ఇన్వర్టర్ బ్యాటరీలు వరసలుగా ఉంటాయి. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్ళుగా యాసిడ్‌తో మెలిగినవాడు కాబట్టి ఏ చొక్కా చూసినా చిల్లులే. వాసంతి వెళ్ళేసరికి ఒక లారీ బ్యాటరీ మూతలు విప్పుతున్నాడు. ఆమె మొదట్నించీ చెబుతుంటే తలెత్తకుండా విన్నాడు. చివరికి ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఛార్జింగ్ ఏడ పెడతారమ్మా?"

"ముందుగదిలో బాబాయ్. మొదట్లో షెడ్డులోనే ఉండేదంట. ఫిబ్రవరిలో బ్యాటరీతో పాటు ఛార్జరు కూడా మార్చారు. బండి అంతదూరం పోకుండా ముందుగదిలో బిగించారు. ఐజాక్‌ది మటుకు షెడ్డులోనే ఉంది."

"ఆ గదిలో చలెంత?"

"రెండు, మూడు డిగ్రీలు."

జమాల్ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు. స్టూలు జరిపి ఆమెను కూర్చోమన్నాడు.

"ఇనుకో. చలికాలం నెయ్యి గిన్నెలో ఏమైద్ది? పేరుకుపోద్ది. బ్యాటరీలో యాసిడ్ గడ్డకట్టదు గానీ దానికీ బద్ధకం వచ్చిద్ది. పగలంతా మైనస్‌లో ఉన్న బ్యాటరీని తీసుకుపోయి మళ్ళీ చల్లగదిలోనే ఛార్జింగ్ పెడితే అది మేయదు. రెండు ముద్దలు తిని చాలంటది. దాని ఓల్టేజి తొందరగా పైకి లేస్తది. దాన్ని చూసి ఛార్జరు కడుపు నిండిందనుకుని పచ్చలైటు ఎలిగించుద్ది. మీరు పచ్చలైటు చూసి బండి తీస్తారు. అరకడుపుతో అది ఎంతసేపు మోస్తది? మొదట్లో తెలవదు, రోజూ కొంత లోటు పేరుకుని రెండు నెలలకు బయటపడ్డది."

ఇన్నాళ్ళూ రోజూ పొద్దున వాసంతి చూసిన ఆ పచ్చలైటు ఆమెను మోసం చేస్తూనే ఉంది.

"మరి ఆ ఇంజినీరుకు తెలవదా ఇది?"

"తెలిసే ఉంటది. కానీ ఆ అబ్బాయి చూసింది షెడ్డులో. ఎండలో వెచ్చబడి అది బాగానే ఉన్నట్టు కనపడ్డది. నువ్వు చూసింది లోపల." అల్మరా తెరిచి ఒక గాజు గొట్టం తీశాడు. పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న కడ్డీ. "ఇది హైడ్రోమీటర్. యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చెప్పుద్ది. బాగా ఛార్జయిన బ్యాటరీలో చిక్కగా ఉంటది, ఖాళీ అయ్యేకొద్దీ పలచనైద్ది. మామూలు నీళ్ళకు వెయ్యి చూపిస్తే, నిండా ఛార్జయిన యాసిడ్‌కు పన్నెండొందల అరవై, ఎనభై దాకా చూపించుద్ది; మేం పన్నెండు అరవై, పన్నెండు ఎనభై అంటాం. ల్యాప్‌టాప్‌కన్నా ఇదే నిజం చెప్పుద్ది. పట్టుకో, నేర్పిస్తా."

ఆ సాయంత్రం లారీ బ్యాటరీల మీద పదిసార్లు చేయించాడు. కళ్ళకు అద్దాలు, చేతులకు రబ్బరు గ్లోవ్సు లేకుండా ముట్టుకోనివ్వలేదు. కడ్డీ ఎక్కడ తేలుతుందో కంటికి సమానంగా పట్టుకుని చదవాలి, బుడ్డి నొక్కి పీల్చిన యాసిడ్‌ను ఒక్క చుక్క కూడా కింద పడకుండా మళ్ళీ బ్యాటరీలోని అదే గదిలో, అదే సెల్లులో పోయాలి. చివరికి, "చెయ్యి వణకట్లేదు. మూడో అంతస్తుకు టన్ను ఎత్తే చెయ్యిగదా," అని మెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున ముందుగదిలో పచ్చలైటు వెలుగుతుండగా, ఐజాక్‌ను సాక్షిగా పక్కన నిలబెట్టుకుని వాసంతి ఇరవై నాలుగు సెల్లులూ చూసింది. పన్నెండు వందల నుంచి పన్నెండు పది మధ్య వచ్చాయి. జమాల్ ముందే చెప్పాడు, చల్లగా ఉన్నప్పుడు ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపిస్తుందని. అంటే అసలు ఇంకా తక్కువన్న మాట. ఆ రాత్రి మేనేజర్ దగ్గర అనుమతి తీసుకుని బండిని ఐజాక్ ఛార్జరుకు తగిలించారు. పొద్దున చూస్తే అన్ని సెల్లులూ పన్నెండు నలభై. ఆ రోజు బండి నాలుగు దాకా నడిచింది.

"నాలుగేనా?" అన్నాడు జమాల్ ఫోనులో. "ఐదు దాకా రాలేదా? పన్నెండు నలభై మీద ఇంకొంచెం కూడా పైకి పోలేదా?"

"ఒక్క గీత కూడా పోలేదు బాబాయ్."

అవతల నవ్వు వినబడింది.

"తెలిసింది లేమ్మా. అది మన ఎండకు కలిపిన యాసిడ్. ఈ ప్రాంతంలో బ్యాటరీలకు కొంచెం పలచగా పోస్తాం, లేకపోతే ఎండకు ప్లేట్లు తినేసుద్ది. పాత బ్యాటరీ వేరే దేశం నుంచి బండితోపాటు వచ్చిందన్నావుగా, అది చలికి తగ్గట్టు చిక్కగా కలిపింది అయ్యుంటది. ఇది ఈడ నింపారు. నరసరావుపేటకు సరిగ్గానే నింపారు. కానీ నీ బండి పనిచేసేది నరసరావుపేటలో కాదుగా!"

వాసంతి అంకెలన్నీ తెల్లకాగితం మీద రాసుకుని మేనేజర్ గదిలోకి వెళ్ళింది. ప్రభాకరరావు మొదట కుర్చీ వెనక్కి వాలి విన్నాడు. ముందుగది ఛార్జరు సంగతికి వచ్చేసరికి ముందుకు వంగాడు. యాసిడ్ సంగతి చెప్పేసరికి కళ్ళజోడు తీశాడు.

"ఆయన్ని రమ్మనగలవా?"

జమాల్ వచ్చాడు. నలభై ఏళ్ళలో ఇన్ని బ్యాటరీలు చూసినా ఇంత చలి చూడలేదు. కంపెనీ కోటు తొడిగి, టోపీ పెట్టి లోపలికి తీసుకెళితే రెండు నిమిషాల్లో గడ్డం మీద తెల్లటి మంచు పట్టింది. "యా అల్లా!" అని ఒక్క మాట అన్నాడు. అయినా వెంటనే బయటకు రాలేదు. బండి పక్కన వంగి, గ్లోవ్సు తీసి, బ్యాటరీ పెట్టె మీద ఉత్తచెయ్యి ఆనించాడు. జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు చూశాడు.

"ఇనప పెట్టె. దుప్పటి లేదు. వేడంతా ఈడ నుంచే పోతాంది."

ప్రభాకరరావు ఫణీంద్రకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. యాసిడ్ ముట్టుకుంటే వారంటీ పోతుందని ఫణీంద్ర ముందే అన్నాడు. జమాల్ కోపం తెచ్చుకోలేదు.

"నాయనా, నువ్వు చదువుకున్నోడివి, నీకు తెలవంది కాదు. నువ్వు బండిని ఎండలో పెట్టి చూశావు. అది పనిచేసేది మంచులో. ఈ అమ్మాయి రాసిన అంకెలు చదువుతా, ఇను. తర్వాత నీ ఇష్టం."

చదివాడు. ఇరవై నాలుగు సెల్లుల అంకెలు, రెండు చోట్లవి, రెండు రోజులవి.

"ఈ రీడింగులు ఎవరు తీశారండీ?" అన్నాడు ఫణీంద్ర.

"నేనే సార్," అంది వాసంతి.

"టెంపరేచర్ కూడా పక్కన రాశారు మేడం. మా సర్వీసు వాళ్ళే రాయరు." "ఛార్జరు ముందుగదిలోకి మార్చినట్టు నాకు ఎవరూ చెప్పలేదు. నేను కూడా అడగలేదు. అడగాల్సింది. రేపు నేనే వస్తాను. యాసిడ్ మార్చడానికి మా ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెస్తాను."

చెప్పినట్టే వచ్చాడు. వచ్చీరాగానే వాసంతి దగ్గరికి వెళ్ళి, "ఆ రోజు మీరు చెప్పింది నేను వినాల్సింది మేడం," అన్నాడు. ఆమె, "టీ తాగుతారా సార్?" అంది.

రెండు రోజులు షెడ్డులో పని సాగింది. ముందుగదిలోని ఛార్జరును విప్పి షెడ్డుకు తెచ్చారు. నిండుగా ఛార్జయిన బ్యాటరీలోంచి కొంత యాసిడ్ తీసి, చిక్కటి యాసిడ్ కొద్దికొద్దిగా కలుపుతూ, ఒక్కో సెల్లూ పన్నెండు ఎనభైకి తెచ్చాడు జమాల్. ప్రతి సెల్లూ వాసంతి హైడ్రోమీటర్‌తో చూసి ఊఁ అంటేనే పక్క సెల్లుకు వెళ్ళాడు. పెట్టెకు నాలుగు పక్కలా, అడుగునా థర్మోకోల్ పలకలు, వాటి మీద రబ్బరు షీటు బిగించారు. ఫణీంద్ర పైన కూడా మూసేద్దామంటే జమాల్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఛార్జింగప్పుడు గ్యాసు వస్తుంది, దానికి దారి వదలాలి, లేకపోతే ప్రమాదం. ఫణీంద్ర తలూపి పైన గాలి కంతలు వదిలించాడు.

"ఒక మాట ముందే చెప్తున్నా సార్," అన్నాడు జమాల్ ప్రభాకరరావుతో. "చిక్కటి యాసిడ్‌తో బలం వచ్చిద్ది గానీ ఆయుష్షు కొంచెం తగ్గుద్ది. అందులోనూ మన ఎండలో ఛార్జింగ్. నీడ ఉండాలి, ఫ్యాను తిరగాలి, డిస్టిల్డ్ వాటరు వారం వారం చూడాలి. ఇది మీకు తెలిసే చెయ్యాలి."

"తెలిసే చేస్తున్నా," అన్నాడు ప్రభాకరరావు.

అప్పుడు వాసంతి మాట్లాడింది. ఆ రెండు రోజులుగా ఆమె మనసులో ఒకటే తిరుగుతోంది.

"సార్, ఛార్జింగ్ సాయంత్రం ఆరింటికి పెడతన్నాం. రాత్రి రెండింటికల్లా అయిపోద్ది. అప్పట్నుంచి పొద్దున ఎనిమిది దాకా ఊరికే ఉండి చల్లారుద్ది. అదే రాత్రి పదకొండున్నరకు మొదలెట్టేట్టు టైమరు పెడితే, నేను బండి ఎక్కేసరికి అప్పుడే పొయ్యి మీంచి దించిన కుండలాగా ఎచ్చగా ఉంటది. ఇంత బరువున్న బ్యాటరీ, దుప్పటి కూడా కప్పాం, ఆ ఎచ్చదనం సాయంత్రం దాకా లోపలుంటది. ఇంకోటి, నేను పావుగంట బయటకొచ్చినప్పుడల్లా బండిని లోపలే వదిలేస్తన్నా. దాన్నీ నాతోపాటు ముందుగదిలోకి తెస్తే పోద్ది."

ఫణీంద్ర జమాల్ వంక చూశాడు. జమాల్ ఫణీంద్ర వంక చూశాడు.

"ఇది నాకు తట్టలేదు," అన్నాడు జమాల్ తేలిగ్గా. అలా ఇంకొకరు తనకంటే ముందు ఆలోచించారని ఒప్పుకోవడంలో ఆయనకు ఎంతో సంతోషం ఉన్నట్టుంది. "రాసుకో ఇంజినీరు బాబూ."

ఫణీంద్ర నిజంగానే రాసుకున్నాడు.

ఆరు కంటైనర్ల సరుకు ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున మొదలైంది. రోజుకు మూడు నిండాలి. వాసంతి ఎనిమిదింటికి బండి ఎక్కేముందు గ్లోవ్సు తీసి పెట్టె మీద చెయ్యి పెట్టి చూసింది, వెచ్చగా ఉంది. తలుపు పైకి లేచింది, తెల్లటి ఆవిరి కాళ్ళకు చుట్టుకుంది, బండి లోపలికి దూసుకుపోయింది.

పదింటికి ముల్లు కదల్లేదు. పన్నెండింటికి, ఇన్నాళ్ళూ బండి చచ్చిపోయే వేళకు, సగానికి పైనే ఉంది. వాసంతి దాని వంక చూడకుండా ఉండాలని ఎంత ప్రయత్నించినా చూపు అటే పోయేది. రెండింటికి రెండో కంటైనరు నిండింది. ఐజాక్ తలుపు దగ్గర ప్యాలెట్ అందుకుంటూ, "ఎంతుందక్కా?" అని అరిచేవాడు. ఆమె వేళ్ళతో చూపించేది. మూడున్నరకు మూడో అంతస్తులో మిగిలిన సరుకు దించాలి. ఆ రోజు ఫోర్కులు గాల్లో ఆగిపోయిన అదే అర. వాసంతి సీట్లో సర్దుకుని లీవరు లాగింది. ఫోర్కులు ఆగకుండా, వణకకుండా, మోటారు గొంతు మారకుండా పైకి లేచాయి. టన్ను మొక్కజొన్న వెన్నముద్దలాగా కిందికి దిగింది.

నాలుగూ నలభైకి మూడో కంటైనరు తలుపులు మూశారు. ముల్లు ఇంకా ఎర్రగీతకు పైనే ఉంది. వాసంతి బండిని షెడ్డులోకి తెచ్చి, దిగి, టోపీ తీసింది. నలభై ఆరు డిగ్రీల ఎండగాలి ముఖాన కొట్టింది. కనురెప్పల మీది మంచు కరిగి కారింది. ఆ నీళ్ళను తుడుచుకోకుండా అలాగే నిలబడి నవ్వింది.

మర్నాడు మిగతా మూడూ నాలుగున్నరకే నిండాయి.

ప్రభాకరరావు ఆమెను గదిలోకి పిలిచి, మెమోను ఫైలులోంచి తీసి చించబోయాడు. వాసంతి వద్దంది.

"బోర్డు మీద పెట్టారు గదా సార్. అందరూ చదివారు. చించితే నాకూ మీకూ తప్ప ఎవరికి తెలుసుద్ది? రద్దు చేశామని, ఎందుకు చేశామో కూడా రాసి అదే బోర్డు మీద పెట్టండి."

ప్రభాకరరావు ఆమె వంక చూసి, పెన్ను తీశాడు. లోపం ఆపరేటర్‌ది కాదని, ఛార్జింగ్ స్థలానిదీ యాసిడ్‌దీ అని, దాన్ని కనిపెట్టి సరిచేయడంలో వాసంతి, జమాల్ గార్లు ముందున్నారని రాసి, సంతకం చేసి, తనే స్వయంగా వెళ్ళి పిన్ను గుచ్చాడు. ప్యాకింగులోని ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చదివారు. చదువు రానివాళ్ళకు ఐజాక్ గట్టిగా చదివి వినిపించాడు. వాసంతి ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకుంది. ఇంటికి వెళ్ళి రామాయమ్మకు చదివితే, ఆమె రెండుసార్లు చదివించుకుంది.

"నీ పేరు ముందు రాశారా, జమాల్ పేరు ముందు రాశారా?"

"నాదే అత్తా."

"మంచోడే మేనేజరు," అని తీర్పు చెప్పి, ఫోను లాక్కుని వీధిలోకి వెళ్ళింది. గంటదాకా రాలేదు.

జూలైలో ఫణీంద్ర ఫోన్ చేశాడు. కృష్ణ అవతల మిర్యాలగూడ దగ్గర ఇంకో శీతల గోదాములో ఇదే కంపెనీ బ్యాటరీలు ఇలాగే మధ్యాహ్నానికి చతికిలబడుతున్నాయట. అక్కడ ఎనిమిది మంది ఆపరేటర్లకు ఒకరోజు శిక్షణ ఇవ్వాలి, ఎవరు చెబుతారని అడిగితే తను ఆమె పేరిచ్చాడట.

"నేనా సార్?" అంది వాసంతి. "నేను చదివింది ఇంటరే."

"తెలుసు మేడం. వాళ్ళకు కావాల్సింది బండి నడిపేవాళ్ళ నోటి నుంచి."

"అయితే జమాల్ బాబాయ్ కూడా రావాలి. ఆయనకిచ్చే ఫీజు ఆయనకు ఇవ్వాలి. అట్టయితేనే."

అలాగే అన్నాడు. తెల్లవారుజామున కారు వచ్చింది. జమాల్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, ఒళ్ళో హైడ్రోమీటర్ పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. నది దాటేటప్పుడు ఇద్దరూ కిటికీలోంచి నీళ్ళు చూశారు.

అక్కడి షెడ్డులో ఎనిమిది మంది మగవాళ్ళు బల్లల మీద కూర్చుని ఉన్నారు. ముందు వరసలో ఉన్న ఒకాయన, వాసంతి కంటే పెద్దవాడే, చెయ్యి ఎత్తాడు.

"మేడం, మీరు ఇంజినీరా?"

"కాదన్నా. ఆపరేటర్ని. మైనస్ ఇరవై రెండులో బండి నడుపుతా." పక్కకు తిరిగి, "ఈయన జమాల్ గారు. నాకు ఇదంతా నేర్పింది ఈయనే. యాసిడ్ గురించి ఏం అడగాలన్నా ఈయన్ని అడగండి, బండి గురించి నన్నడగండి," అంది.

బల్లల మీద వాళ్ళు నిటారుగా కూర్చున్నారు. జమాల్ ఆమెకు కళ్ళద్దాలు అందించాడు. వాసంతి గ్లోవ్సు తొడిగి, వాళ్ళ బ్యాటరీ దగ్గరికి నడిచి, మొదటి సెల్లు మూత విప్పింది.

"ముందు పచ్చలైటును నమ్మడం మానేద్దాం. దగ్గరికి రండి, చూపిస్తా."